నాయిన మోషే వేషం కట్టిన రోజు

మా చర్చిలో క్రిస్మస్ నాటకం ఏదైనా సరే, దేవుడూ ప్రవక్తలూ పుస్తకాల తెలుగు మాట్లాడేవాళ్లు. నవ్వించే కావలివాడు మాత్రం మా ఊరి మాట మాట్లాడేవాడు. ఏటా ఆ కావలివాడు మా నాయినే. ఆయన నోరు తెరిస్తే చాలు, జనం పొట్టలు పట్టుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. నేనూ ఆ మాటే మాట్లాడతాను కదా, అందులో అంత నవ్వెందుకు?

తెలంగాణ కోసం స్టేషన్ ఘన్‌పూర్‌లో రోడ్డు పక్కన దీక్షా శిబిరం నడుస్తున్న రోజులవి. రోజుకో సంఘం కూర్చునేది. మా చర్చి వంతు వచ్చినప్పుడు, ఐగుప్తు రాజు ఫరో చెర నుంచి మోషే తన జనాన్ని విడిపించిన కథ ఆడాలనుకున్నాం. మోషే వేషం తానే కడతానని నాయిన పట్టుబట్టాడు.

"నువ్వు నోరు తెరిస్తే నవ్వుతరు. ఉద్యమం నవ్వులపాలైతది," అంది అమ్మ.

"మోషేకు గూడ మాట సక్కగ రాదనే రాసుంది. అయినా దేవుడు ఆయన్నే పంపిండు గదా," అన్నాడు నాయిన.

సంఘ పెద్దలు ఒప్పుకున్నారు గానీ, మోషే పుస్తకాల తెలుగే మాట్లాడాలన్నారు. నాయిన పొలం గట్టు మీద ఆ మాటలు వల్లెవేస్తూ తిరిగాడు.

శిబిరం ముందు జనం కిటకిటలాడారు. దుప్పటి కప్పుకుని, గొర్ల కాపరి దగ్గర అడిగి తెచ్చిన కర్ర పట్టుకుని, నాయిన ఫరో ముందు నిలబడ్డాడు. "ఓ రాజా, నా ప్రజలను..." అని ఆగిపోయాడు. తర్వాతి మాట రాలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఈరోజూ నవ్వితే మా నాయిన ఇక ఏ వేషానికీ లేవడు.

నాయిన కర్ర నేలకేసి కొట్టాడు. "ఏం ఫరో! నా జనాన్ని ఇడిశిపెడ్తవా, లేదా? గిదే ఆఖరు మాట!"

ఒక్కరూ నవ్వలేదు. "ఇడిశిపెట్టు!" అంటూ శిబిరమంతా లేచింది. ఫరో వేషం కట్టిన సంఘ పెద్ద హడలిపోయాడు. దేవుడు పంపే తెగుళ్లన్నీ ఐగుప్తు మీద పడ్డాక గానీ ఫరో ఒప్పుకోకూడదని మరిచి, "సరే, తీస్కపో" అనేశాడు. అప్పుడు నవ్వారు జనం, ఫరోను చూసి. ఆ మోషే మా నాయినే అని అడగనివాళ్లకు కూడా చెప్పుకుని తిరిగాను.

ఇంట్లో అన్నం ముందు ప్రార్థన నాయినదే. ఎప్పుడూ పాస్టరుగారి దగ్గర నేర్చిన రెండు ముక్కలతో ముగించేవాడు. దేవుడితో ఆయనకు చెప్పుకునేదేమీ లేదనుకునేదాన్ని. ఆ సాయంత్రం "దేవా, జర మా దిక్కు సూడు" అని మొదలుపెట్టాడు. ఎండిన బావి గురించి, కుంటుతున్న ఎద్దు గురించి, అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి, నా చదువు గురించి, తెలంగాణ గురించి చెప్పుకుంటూనే పోయాడు. మేం కళ్లు తెరిచేసరికి అన్నం చల్లారిపోయింది.