దసరా పూజకు ఆపిన కంప్యూటర్

నల్లగొండలో మా ఆఫీసు పెద్ద కంప్యూటర్‌ను మూడేళ్లు ఎవరినీ ఆపనివ్వలేదు. ఊళ్లలోని మా సేవా కేంద్రాలన్నీ దానికే కలిసి ఉండేవి. కొత్త కేంద్రం చేరినప్పుడల్లా నడుస్తున్న కంప్యూటర్‌లోనే సెట్టింగులు మార్చేవాణ్ని. సేవ్ చేయకపోతే, ఆపగానే అవి పోతాయని తెలుసు. రేపు చేద్దామనుకుంటూనే మూడేళ్లు గడిపాను.

దసరా ముందు రోజు ఆఫీసులో ఆయుధపూజ. నడిచేదానికి బొట్టు పెట్టకూడదని మేనేజర్ అంటే, పండుగ హడావుడిలో సేవ్ సంగతి మరిచి నేనే ఆపాను. పండుగ తెల్లారి బంతిపూల దండ తీసి ఆన్ చేస్తే, దానికి ఒక్క కేంద్రమూ గుర్తులేదు.

"యాడన్న రాసిపెట్టుకున్నరా సార్?" అని అటెండర్ చాచా అడిగాడు. టీ పొడి డబ్బా మీద కూడా తారీఖు రాసే మనిషి. నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు.

ఒక్క ఆశ మిగిలింది. ప్రతి కేంద్రంలో దాన్ని మా కంప్యూటర్‌కు కలిపే చిన్న పెట్టె ఉంటుంది, అందులో ఆ కేంద్రం సెట్టింగులుంటాయి. వాటినీ సేవ్ చేయలేదు గానీ, అవి ఆగలేదు కదా. ఫోన్లో చదివించుకుని మళ్లీ ఎక్కించవచ్చు. కొత్తకోట కేంద్రం ఆపరేటర్‌కు ఫోన్ చేసి, పెట్టె నడుస్తోందా అని అడిగాను.

"మంచిగ నడుస్తాంది సార్. అన్ని బంద్ చేసి పూజ చేయమని మేనేజర్ సార్ గ్రూపుల పెట్టిండు గద, మొన్ననే చేసినం. మీకు ఫొటో గూడ పంపిన, చూడలేదా?"