రెండు చేతుల్లో రెండు కర్రలు

మా పక్కింటి డ్రాయింగ్ టీచర్ గారు మొన్న గురువారం తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయారు. వాళ్లబ్బాయి తలుపు తట్టి ఆ మాట చెప్పినప్పుడు నేను మా అమ్మాయికి లంచ్ బాక్సు సర్దుతున్నాను. మూత చేతిలోనే ఉండిపోయింది.

కెనడాలో, ఈ మిస్సిసాగాలో మా టౌన్‌హౌస్‌ల వరసలో పిల్లలందరికీ ఆవిడ బేస్‌మెంటే శనివారం బడి. రాజమండ్రిలో రిటైరై కొడుకు దగ్గరికి వచ్చారు. టొరంటో మ్యూజియంలో పాత మెక్సికో, పెరూ దేవుళ్లను చూసిన రోజు నుంచి ఆవిడకి వాళ్ల పిచ్చి పట్టింది. గోడ నిండా వాళ్ల ఫొటోలే. మొక్కజొన్న పొత్తు వలుస్తూ ఆ పీచును మాయా జాతివాళ్ల మొక్కజొన్న దేవుడి జుట్టు పక్కన పెట్టి చూపించేవారు. ఈలోగా పొయ్యి మీద నీళ్లు మరిగి మరిగి ఇగిరిపోయేవి.

నిరుడు పుట్టినరోజు పార్టీకి ముందు, హాల్లో నరసింహస్వామి పటం తీసేయమని మా అమ్మాయి పేచీ పెట్టింది. అంతకుముందోసారి ఇంటికొచ్చిన స్కూల్ స్నేహితురాలు ఆ పటాన్ని మాన్‌స్టర్ అందట.

"జస్ట్ ఫర్ వన్ డే, మమ్మీ."

ఒక్క రోజుకని దించిన పటం మళ్లీ గోడెక్కదని నాకు దిగులు. పిల్లను టీచర్ గారి దగ్గరికి తీసుకెళ్లాను.

ఆవిడ నరసింహస్వామి ఊసే ఎత్తలేదు. మెక్సికో వాన దేవుడు త్లాలోక్ బొమ్మ చూపించారు. కళ్ల చుట్టూ అచ్చం టీచర్ గారి కళ్లజోడులాంటి గుండ్రటి వలయాలు, నోట్లో కోరలు. ఈయనకు ఎవరి మీద కోపమని అడిగింది మా పిల్ల.

"కోపం కాదమ్మలూ. వాన పడితేనే వాళ్లకి తిండి. అంత పని చేసేవాడికి మనలాంటి మొహం పెడితే ఏం ఆనుతుంది? భయమేస్తే మొహం వదిలేసి చేతులు చూడు. చేతుల్ని బట్టి ఎవరో తెలిసిపోద్ది."

తర్వాత పెరూ వైపు ఆండీస్ కొండల దేవుణ్ని చూపించారు. తిన్నగా మనవైపే చూస్తూ, రెండు చేతుల్లో రెండు పొడవాటి కర్రలు పట్టుకుని నిలబడ్డాడు.

ఇంటికొచ్చి మా అమ్మాయి నరసింహస్వామి చేతులు చాలాసేపు చూసింది. ఒక చెయ్యి ప్రహ్లాదుడి తల మీద ఉంది. పటం గోడ మీదే ఉండిపోయింది. పార్టీకి వచ్చిన స్నేహితురాలికి ఆ చేతిని తనే చూపించింది.

మోకాలి ఆపరేషన్ అయ్యాక ఈ చలికాలమంతా టీచర్ గారు చీర మీద వింటర్ కోటు వేసుకుని, రెండు వాకింగ్ కర్రలతో మంచులో నడిచారు. పడతారండీ అని మేం కంగారుపడితే, కర్రలు తనను మొయ్యడం లేదని, తనే వాటిని షికారు తిప్పుతున్నానని అనేవారు. ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో ఎదురుగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆవిణ్ని ఆఖరి చూపుకి ఉంచిన ఫ్యునరల్ హోమ్‌కు పిల్లలంతా బొమ్మలు గీసి తెచ్చారు. మా అమ్మాయి బొమ్మలో టీచర్ గారు తిన్నగా మనవైపే చూస్తున్నారు. కళ్ల చుట్టూ పెద్ద వలయాలు, రెండు చేతుల్లో రెండు కర్రలు. ముఖంలో పోలిక అస్సలు కుదరలేదు. అయినా వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా అదెవరని అడగలేదు.