సవతి సరస్సు

మిన్‌చిన్‌ జిల్లాలో నది వెంబడి చిట్టచివరి ఊరు కైలాన్‌ది; ఆ తర్వాత ఎడారే. భూమిలో నీరు అడుగంటిందని అధికారులు ఆమె బావి మూయించారు. ఎగువ ఊళ్ళు వాడుకోగా మిగిలిన నదిని, ఇసుక ముందుకు పాకకుండా, ఏనాడో ఎండిన సరస్సులోకి కాలువగుండా వదులుతున్నారు. ఆ కాలువ ఆమె ఖర్బూజా తోటను ఒరుసుకుంటూనే పోతుంది. తూము మాత్రం తెరవరు. రోజూ పొద్దున్నే గట్టుమీద గొంతుక్కూర్చుని, మొగుడు సవతి ఇంటికి పోతుంటే చూసినట్టు ఆ నీళ్ళను చూస్తుంది. రాజ్యాల కోసం జరిగిన యుద్ధాలన్నీ చదివినవాడు కూడా ఆ చూపుకు జడుసుకోవాల్సిందే.

"బాతులకు పోస్తారట, నా తోటకు పొయ్యరట!"

"బాతుగా పుట్టకపోయావా, ముసలిదానా," అన్నాడు భర్త గువాంగ్‌చీ.

పిందెలు ముడుచుకుపోయిన రోజున, "పద, ఆ సవతి సోకేమిటో చూసొద్దాం," అంటూ మూడు చక్రాల బండెక్కింది. సరస్సులో రెల్లు మనిషెత్తు పెరిగింది. బాతులు రెక్కలు విదిలించుకుంటున్నాయి.

"నా తోట మింగి ఎలా నిగనిగలాడుతోందో చూడు!" అని, చెప్పులు విడిచి మోకాళ్ళలోతు దిగింది. దోసిట్లోకి తీసుకుంది, జారవిడిచింది, మళ్ళీ తీసుకుంది. ఎండ వాలింది.

"పోదామా?" అన్నాడు గువాంగ్‌చీ.

"నువ్వు పో. ఇవి నా నీళ్ళు, కాసేపు నన్నుండనీ."