కుడి పేజీ ఖాళీగా ఉన్న పాట

కెనడాలో, గ్వెల్ఫ్ ఊళ్లో మా పక్కింటి అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసినప్పుడు, నేను ఆయన నోటుబుక్కునే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ఫోన్ పెట్టేసి, ఏం చేయాలో తోచక ఇంకో పేజీ టైపు చేశాను. ఎందుకు చేశానో ఇప్పటికీ అర్థం కాదు.

గుంటూరులో ఒక బైబిలు కళాశాలలో హీబ్రూ చెప్పిన మనిషి. ఇక్కడికొచ్చి కారు విడిభాగాల ఫ్యాక్టరీలో రిటైరయ్యారు. ఆ తర్వాత కాలమంతా నాలుగు వందల ఏళ్ల కిందటి ఒక హీబ్రూ కవికి రాసిచ్చేశారు. వీధుల్లో జనం పాడుకునే ప్రేమపాటల వరసల్లో ఆ కవి దేవుడి మీద పాటలు కట్టాడట. పెద్దలు చీవాట్లు పెట్టారట. ఇది చెప్పినప్పుడల్లా అంకుల్ ఆ కవి తరఫున కోపం తెచ్చుకునేవారు. “ప్రేమపాట దేవుడికి పనికిరాదంటే ఇంకెవరికి పనికొస్తుందయ్యా?” అనేవారు. తెలుగు టైపింగ్ వచ్చిన పాపానికి నేను దొరికిపోయాను గానీ, ఆ సాయంత్రాలకు ఆయనకు రుణపడ్డాను.

ఆయన పద్ధతి ఒకటే. కుడి పేజీలో హీబ్రూ పాట, ఎడమ పేజీలో దాని తెలుగు. మూలం పక్కన లేని అనువాదం ఆయన దృష్టిలో దొంగతనం.

ఆ రోజు నేను టైపు చేసిన పాటకు కుడి పేజీ ఖాళీ. “నువ్వు లేవకు, తలుపు నేను తీస్తాను. చలి ముందు నన్ను తాకనీ.” దేవుడు భక్తుడితో అంటున్నాడా, భక్తుడు దేవుడితోనా? మూలం ఎక్కించడం మరిచిపోయారా, ఇది సొంతమా? ఆయన మీద కోపమొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

సమాధి కార్యక్రమంలో ఒక పాట చదవాలని ఆంటీ నోటుబుక్ అడిగారు. తిప్పుతూ ఆ పేజీ దగ్గర ఆగిపోయారు.

“బాబూ, ఇది ఆ కవిదా, అంకుల్ రాశారా?”

“తెలీట్లేదాంటీ. హీబ్రూ లేదు.”

“నలభై ఏళ్లలో నాకొక కార్డైనా రాయలేదయ్యా. వింటర్‌లో నా మార్నింగ్ షిఫ్ట్‌కి ముందే లేచి కారు స్టార్ట్ చేసి పెట్టేవారు, అంతే. ఇది నాదో కాదో తెలిస్తే చాలు.”

మీదేనందామని నోటిదాకా వచ్చింది. కాకపోతే? తెలియదనే అన్నాను.

ఆంటీ ఖాళీ పేజీ మీద వేలు పెట్టారు. “ఆ కవికి తెలుగొచ్చా?”

“రాదాంటీ.”

“మరైతే ఈ మాటలు ఈయనవే.”

చర్చిలో నేను మైకు అందించాను. ఆమె తీసుకోలేదు. మా అందరికీ వీపు పెట్టి, ఆయన ఉన్న పెట్టె మీదికి వంగి, “నువ్వు లేవకు, తలుపు నేను తీస్తాను,” అని ఆయనకే చదివారు. వెనక బెంచీల వాళ్లకు వినపడలేదు.