ఏడాకుల గులాబీ

ఆరో తరగతిలో బడి వదిలి, గులాబీలకు అంటుకట్టే కత్తి పట్టినవాణ్ని. మొయినాబాద్ ఫామ్‌హౌసుల్లో నా చేతి గులాబీలు చాలానే ఉన్నాయి. పద్ధతి ఒక్కటే. కింద అడవి గులాబీ వేరు, దాని మీద రంగు గులాబీ కన్ను, అంటే చిగురు వేసే కణుపు. ఎండకూ తెగులుకూ చావనిది కిందిది, ఫొటోలు దిగేది పైది.

చిన్న మంగళారంలో సర్పంచ్ ఎన్నికలకు నిలబడ్డ ఒక అన్న తోటలో ఎర్ర గులాబీ కట్టి వచ్చాను. ఏడాది తిరిగాక ఫోనొచ్చింది.

"ఏం కట్టినవ్‌రా? ఎర్రవి అంటివి, గీ తెల్ల సన్న పూలేంది? అడవి మొక్కలు పెట్టి మోసం జేసినవ్!"

అంతటితో ఆగలేదు. సురంగల్‌లో నాకు తోట పని ఇస్తానన్న ఆసామికీ అదే చెప్పాడట. ఆయన "జర ఆగు" అన్నాడు. ఆ పని పోతే నా ఏడాది తిండి పోయినట్టే.

వెంటనే చిన్న మంగళారం వెళ్లి చూశాను. ఆకుకు ఏడేసి రెబ్బలు. నేను కట్టిన ఎర్రదానికి ఐదే ఉంటాయి. అడవిదే, సందేహం లేదు. అన్నే నా మొక్కలు ఎవరికో ఇచ్చి ఇవి నాటించాడా? నేనంటే పడని పక్క నర్సరీవాడి పనా? అన్న నా సంచి వైపు చూస్తాడు, నేను అన్న చేతుల వైపు చూస్తాను.

ఒక మొక్క మొదలు దగ్గర మట్టి తీశాను. నేను కట్టిన అంటు ముడి అక్కడే ఉంది. ముడి పైన ఎర్ర కొమ్మను నున్నగా కోసేశారు. ముడి కింద నుంచి అడవిది లేచింది. ప్రతి మొక్కకూ ఇదే తీరు.

"ఎవలో కత్తెర పెట్టిన్రన్నా."

"నువ్వే పెట్టినవేమో!"

"నా పని నేనే ఖరాబ్ జేసుకుంటనా? అంత తెలివుంటే నీ లెక్క సర్పంచ్‌కు నిలబడుదు గద!"

వరండాలోంచి వాళ్లమ్మ పలికింది.

"నేనే కోసిన. పత్తిల ఎట్ల జేస్తం? సన్నది పీకి, గట్టిది ఉంచుతం. గా ఎర్రది మూల్గుతుండె. కిందికెల్లి వచ్చింది మస్తు జోరుమీదుండె."

జీవితమంతా పత్తి చేలో పనిచేసిన చెయ్యి. ఆ అవ్వను ఏమంటాం? అన్న నేల చూశాడు. నేను వదల్లేదు.

"సురంగల్‌కు ఫోన్ గొట్టన్నా. స్పీకర్ పెట్టు, నేను ఇనాలె."

కొట్టాడు. "అన్నా, మనోడి తప్పేం లేదు. మొక్కలను మేకలు కొరికినయ్."

"గట్లనా? రేపు పొద్దుగాల రమ్మను."

వెనక నుంచి అవ్వ గట్టిగా అడిగింది: "మనకు మేకలేడున్నయ్‌రా?"

అన్న గబుక్కున ఫోన్ కట్ చేశాడు. సురంగల్ ఆసామి మళ్లీ ఫోన్ చేసేలోగా నేను బండి స్టార్ట్ చేశాను.