కల్లూరు అంగడిలో పాత ప్రోగ్రామ్

పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నా స్నేహితుడి మీద నాకు ఇప్పటికీ ఉంది. ఒక్క ఫ్లాపీకి ఇంకో కాపీ తీసిపెట్టుకోలేకపోయాడు మహానుభావుడు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. “చేస్తాలేప్పా, ఇప్పుడేం తొందర” అనేవాడు. ఆ మాట అంటూనే ఏళ్లు గడిపేశాడు.

కర్నూలును ఆనుకున్న కల్లూరులో చిన్న ఫ్యాక్టరీల మధ్య రేకుల షెడ్డులో అతని అంగడి ఉండేది. ఎలక్ట్రీషియన్లు, కాంట్రాక్టర్లు కరెంటు కొలిచే తమ మీటర్లు తెచ్చి ఇచ్చేవాళ్లు. అవి నిజం చెబుతున్నాయా, నోటికొచ్చింది చెబుతున్నాయా అని సరిచూసి, చీటీ అంటించి ఇవ్వడం అతని పని. అందుకోసం ఒక విదేశీ యంత్రం ఉండేది. ఏదో కంపెనీ మూతపడితే వేలంలో కొన్నాడు. మా తలలు నెరవకముందు తయారైన సరుకు. దానంతట అది ఏమీ చేయదు. పక్కన పాత కంప్యూటరు ఉండాలి, అందులో దాన్ని నడిపే ప్రోగ్రామ్ ఉండాలి. నేను పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడతో గొడవ. అందుకని సాయంత్రాలు అక్కడే గడిచేవి.

పోయిన వేసవిలో అతను గుండెపోటుతో పోయాడు. వాళ్లది వేంపల్లె దగ్గర పల్లె, తాతల కాలం నుంచీ చర్చికి పోయే కుటుంబం. అక్కడికే తీసుకుపోయి సమాధి చేశారు. అప్పటికి నేను మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నాను. చివరిచూపుకు కూడా పోలేకపోయాను.

నేను కర్ర పట్టుకుని అంగడికి వెళ్లేసరికి అతని భార్య తాళం తీసి ఊడుస్తోంది. పిల్లలు లేరు. మీటర్లు తగిలించడం, చీటీలు అంటించడం ఏళ్లుగా ఆమె పనే. “నేనే నడుపుకుంటా అన్నా. నాకు ఇంకేం పని వస్తాది?” అంది. కంప్యూటరు స్విచ్ వేశాను. లోపల టిక్కుటిక్కుమని కొట్టుకుని ఊరుకుంది. ఎండాకాలమంతా మూసిపెట్టిన షెడ్డులో అది చచ్చిపోయింది. దాంతోపాటే ప్రోగ్రామ్ కూడా.

“ఆయన డిస్కులన్నీ ఈడనే ఉండాయి అన్నా” అని ఒక అట్టపెట్టె చూపించింది. ప్రోగ్రామ్ డిస్కులు అందులోనే ఉన్నాయి, కానీ రేకుల వేడికి అప్పడాల్లా వంకర్లు తిరిగిపోయాయి. సరే, మళ్లీ సంపాదిస్తానన్నాను. అప్పుడు నాకు అది పెద్ద విషయంగా తోచలేదు.

ఆ వెతుకులాట గురించి చెప్పాలంటే తిట్లు తప్ప రావు. తయారు చేసిన కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది, దాన్ని మరొకటి మింగేసింది. ఉత్తరం రాస్తే కొత్త యంత్రం కొనుక్కోమని రంగుల బొమ్మలు పంపారు. ఇంటర్నెట్‌లో ఎక్కడో పేరు కనిపిస్తుంది, నొక్కితే పేజీ ఉండదు. హైదరాబాదులో పాత కంప్యూటర్లు అమ్మే సందులన్నీ తిరిగాను. ప్రతివాడూ “కొత్త వెర్షన్ దింపుకోండి సార్” అనేవాడే. కొత్తదానికి ఈ ముసలి యంత్రం భాష తెలియదు నాయనా, పాతదే కావాలి అంటే, నాకే మతి పోయిందన్నట్టు చూశారు. ఆమె మాత్రం రోజూ అంగడి తీసి కూర్చునేది. మీటర్లు తెచ్చినవాళ్లకు “రెండు వారాలు ఆగండి” అని చెప్పేది. ఆగి ఆగి వాళ్లు రావడం మానేశారు.

చివరికి పాత పరికరాల పిచ్చి ఉన్నవాళ్ల గుంపొకటి ఇంటర్నెట్‌లో దొరికింది. అందులో ఏదో చలిదేశపు ముసలాయన, అటక సర్దుతుంటే కనిపించిందని, మాకు కావలసిన వెర్షనే పంపాడు. తుక్కు అంగడిలో ఇంకో పాత కంప్యూటరు కొన్నాను. ప్రోగ్రామ్ ఎక్కించి, తీగ తగిలించి, స్విచ్ వేశాను. యంత్రంలో టకటకమని చప్పుడైంది. అతను పోయాక ఆ అంగడిలో ఆ చప్పుడు అదే మొదటిసారి. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా వెనకే నిలబడి ఉంది. నవ్వింది కూడా.

అప్పుడు తెర మీద దిద్దుబాటు డిస్కు పెట్టమని వచ్చింది.

ఆ డిస్కు సంగతి నాకు తెలుసు. యంత్రం ముసలిదై ఎక్కడెక్కడ ఎంత తప్పుతుందో అతను ఏళ్ల తరబడి కొలిచి అందులో దాచాడు. అది లేకపోతే యంత్రం నడుస్తుంది, కానీ అబద్ధాలు చెబుతుంది. నేను కాపీ తీయమని పోరింది దానికే. అట్టపెట్టెలోనే ఉంటుందనుకున్నాను. కిందామీదా వెతికాం, లేదు.

“చిన్న రేకు డబ్బాలో పెట్టేవాడు కదమ్మా, అది యాడ పెట్టినావు?” అన్నాను.

ఆమె నా మొహం చూసింది. “జేబులో పెట్టుకునే డబ్బానా?” అంది. తర్వాత మెల్లగా చెప్పింది. “ఎండకు చెడిపోతాదని అంగట్లో పెట్టేవాడు కాదు. రాత్రి దిండు పక్కన పెట్టుకునేవాడు. పొద్దున నేను వంట చేసుకొని వచ్చేసరికి మిషను ఆన్ చేసి అన్నీ ఆయనే సిద్ధం చేసి పెట్టుండేవాడు. ఆ డబ్బా ఎందుకో నాకేం తెల్సు అన్నా. అంత ప్రాణంగా చూసుకునే వస్తువు గదా అని, బైబిలు, కండ్లద్దాలు పెట్టేటప్పుడు ఆయన జేబులో పెట్టేసినా. సమాధి పెట్టెలో.”

వాళ్లలో కొందరు అలా పెడతారు, చనిపోయినవాళ్లు వదలకుండా ఉంచుకున్న వస్తువులు. నేను ఆ రోజు అక్కడ ఉండి ఉంటే ఆపేవాణ్ణి. ఉంటే కదా.

లెక్కలు మళ్లీ కొలిపిద్దామని పెద్ద ల్యాబులను అడిగాను. ఇంత పాతదాన్ని ముట్టుకోం అన్నారు. తెలిసిన కాంట్రాక్టరు ఒకడు నవ్వి “ఏదో ఒక అంకె ఏసి చీటీ అంటించు వదినా, ఎవురు చూస్తారు?” అన్నాడు. “ఆ మీటరు నమ్ముకొని ఎవురో ఒకడు తీగ పట్టుకుంటాడప్పా” అంది ఆమె. అతను మళ్లీ రాలేదు.

కొన్నాళ్లకు ఆమే సమాధి మాట ఎత్తింది. “సంఘ పెద్దల్ని అడిగినా అన్నా. ఆఫీసర్ల దగ్గర అనుమతి తెచ్చుకుంటే తెరవచ్చంట. ఒకసారి నువ్వూ రా.” ఇద్దరం బస్సెక్కి వెళ్లాం. ఊరి బయట, చెట్టుచేమ లేని మిట్ట మీద సమాధులు. అతని మీద కడప బండ పరిచారు. మధ్యాహ్నం ఎండకు బండ కాలిపోతోంది.

“నిజం చెప్పు అన్నా. తీస్తే పనికొస్తాదా?”

రేకు డబ్బా గట్టిది, నేల పొడినేల, ఆ ఏడు వానలు కూడా లేవు. “రావచ్చు, రాకపోవచ్చు. సగం సగం” అన్నాను. నిజంగా అంతే.

ఆమె కొంగుతో బండ మీది దుమ్ము తుడిచింది. “పెట్టె మూసేటప్పుడు మొగం శానా బాగుండింది అన్నా. పండుకున్నట్టే ఉండింది. కండ్లు మూసుకుంటే నాకు అదే కనపడతాది. తెరిస్తే ఏం కనపడతాదో నీకు తెల్సు. ఒకసారి అది చూసినాక ఇది నిలబడతాదా? అంగడి పోతే పోనీ, వద్దు.”

నువ్వు దూరంగా ఉండు, నేను చూస్తాను అన్నాను. “అప్పుడు నీ మొగంలో కనపడతాది” అంది. నాకు కోపం వచ్చింది, నిజమే చెబుతున్నాను. నెలల తరబడి దేశదేశాలు గాలించి తెచ్చిన ప్రోగ్రామ్ అది. తిరుగు ప్రయాణంలో కర్నూలు వచ్చేదాకా ఆమెతో మాట్లాడలేదు.

ఆ నెలాఖరుకు అంగడి ఖాళీ చేశాం. యంత్రాన్ని తుక్కువాడు తూకానికి తీసుకుపోయాడు. ఆమె ఒక హాస్టల్లో వంటపనికి కుదిరింది.

మొన్న షేర్ ఆటోలో ఎదురుగా కూర్చుంది. బాగా చిక్కిపోయింది, ముంజేతుల మీద కాలిన మచ్చలు. హాస్టలు సంగతులు, నా మోకాలి సంగతులు మాట్లాడుకున్నాం. తర్వాత ముందుకు వంగి, పక్కవాళ్లకు వినపడకుండా అంది.

“అన్నా, ఆ మొగం ఇప్పుడు సరిగ్గా వస్తాలేదు. మీసం వస్తాది, నొసలు వస్తాది. అన్నీ కలిపి ఆయన వస్తాలేదు.”

“ఫోటో ఉండాది గదమ్మా” అన్నాను.

“ఫోటో చూస్తే ఫోటోనే కనపడతాది అన్నా.”

హాస్టలు రాగానే ఆపమని చెప్పి దిగిపోయింది.