నల్లుల మందుకు పాడిన పిన్ని

మొన్న పొద్దున సీతాఫల్‌మండిలో మా సందులోకి కుక్కర్లు, గ్యాస్ పొయ్యిలు బాగుచేసే ఆటో వచ్చింది. మైకులో ఎవరో అమ్మాయి గొంతు, దాని వెనక సినిమాల్లో ప్రియుడు శాశ్వతంగా విడిచిపోయిన చోట వాయించాల్సిన విషాదపు సన్నాయి. రబ్బరు రింగు మార్చడానికి ఇంత దుఃఖం దేనికని నవ్వొచ్చింది కానీ, మా పిన్ని గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది.

మన తరంవాళ్లకు ఇలాంటి వింతలు కొత్త కాదు. బ్యాండువాళ్లు ఎడబాటు పాటను హుషారుగా వాయిస్తుంటే పెళ్లికొడుకు గుర్రమెక్కి ఊరేగడం, తలనొప్పి మాత్రల ప్రకటనకు తలనొప్పి తెప్పించే డోళ్లు మోగడం మనం చూసినవే. ఆ వింతల్లో కొన్నింటికి నేనూ బాధ్యురాలినే. పెళ్లికి ముందు చిలకలగూడలో, మందుల దుకాణం మేడ మీద, ఆటో మైకులకు ప్రకటనలు తయారుచేసే చిన్న రికార్డింగు గదిలో మాటలు రాసే ఉద్యోగం నాది.

ఒకసారి నల్లుల మందు ప్రకటన వచ్చింది. పాడాల్సిన అమ్మాయికి గొంతు పట్టేసింది, మా యజమాని కంగారు పడిపోతున్నాడు. అప్పుడు నేను మా అమ్మ చెల్లెల్ని, మా చర్చి క్వయర్‌లో ముందు నిలబడి పాడే పిన్నిని, వెళ్లి బతిమాలాను.

"ఏందే, నల్లుల మందుకు నేను పాడాల్నా? చర్చి అయ్యగారు వింటే ఏమనుకుంటరు?" అంది.

"ఎవలు పాడిన్రో ఎవలకు తెలుస్తది పిన్నీ? జెర నా కోసం."

"సరే తియ్, నల్లుల్ని సుత దేవుడే చేసిండు గదా" అని నవ్వుతూ చీర మార్చుకుని వచ్చింది.

పిన్నికి పాడడం ఒకే తీరున వచ్చు. 'నల్లులకు సెలవు, మీకు విశ్రాంతి' అని నేను రాసిన మాటల్ని ఆమె కళ్లు మూసుకుని, ఆదివారం ఆరాధనలో పాడినంత భక్తిగా పాడింది. విశ్రాంతి అన్నచోట ఆమె తీసిన దీర్ఘానికి మా యజమాని కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఆటో సందుల్లో తిరగడం మొదలయ్యాక ఆడవాళ్లు చేతిలో పని ఆపి వినేవాళ్లట. మందు బాగా అమ్ముడుపోయింది, పిల్లలందరికీ పాట నోటికొచ్చింది. నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను.

కొన్నాళ్లకు మా పక్కింటి రైల్వే మామయ్య పోయాడు. సమాధుల తోటలో భూస్థాపనప్పుడు పిన్నే పాడాలి. ఆమె చిన్నప్పటినుంచీ ప్రతి చావుకూ పాడిన కీర్తన అది, అందులోనూ విశ్రాంతి అనే మాట ఉంది. ఆమె ఆ దీర్ఘం తీసేసరికి నాకు నల్లులు గుర్తొచ్చాయి. పెదవి కొరుక్కున్నాను, పమిట నోటికి అడ్డం పెట్టుకున్నాను, అయినా నవ్వు కిసుక్కున బయటపడింది. పక్కన ఇంకెవరో నవ్వారు. మామయ్య భార్య తలెత్తి మావైపు చూసింది. పిన్ని గొంతు ఆగిపోయింది. మిగతా కీర్తనను క్వయర్‌వాళ్లే ఎలాగో ముగించారు.

ఇంటికొచ్చే దారి పొడుగునా ఏడుస్తూ నన్ను క్షమించమని పిన్నిని అడిగాను.

"నువ్వు నవ్వినవని కాదే," అంది పిన్ని, నా చెయ్యి వదలకుండానే. "పాడుతుంటే నాకు సుత నల్లులే యాదికొచ్చినయ్. నా పాట నాకే పాడైపాయె."

తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మామయ్య భార్య దగ్గరికి ఇద్దరం వెళ్లి క్షమాపణ అడిగాం, ఆమె పెద్ద మనసుతో పోనిమ్మంది. పిన్ని మాత్రం ఇక ముందు వరుసలో నిలబడలేదు. వెనక వరుసలో అందరితో కలిసి పాడేది. ఆ కీర్తన వచ్చినప్పుడు పుస్తకం వైపు చూస్తూ ఊరుకునేది.

పోయినేడు పిన్నిని అదే తోటలో పడుకోబెట్టాం. క్వయర్‌లో అందరూ కుర్రవాళ్లే. ఆ నల్లుల మందు పేరు కూడా వాళ్లెరుగరు. పిన్ని పాడలేకపోయిన ఆ కీర్తనను వాళ్లు మొదటినుంచి చివరిదాకా ఎంతో శ్రద్ధగా పాడారు. కాలం ఆ పాటను కడిగి శుభ్రం చేసి మళ్లీ అందరికీ ఇచ్చేసింది. ఒక్క పిన్నికి ఇవ్వడానికే ఆలస్యమైంది.